నాలుగో సీసా

పన్నెండేళ్లుగా నాకొక సందేహం ఉంది. తెలిసి అబద్ధం చెప్పినవాడి సంగతి దేవుడు చూసుకుంటాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ కళ్లెదుట ఉన్న నిజాన్ని కాగితం మీదికి రానివ్వకుండా చూసుకుని, ‘నేనెక్కడా అబద్ధం రాయలేదు’ అని హాయిగా నిద్రపోయేవాడి సంగతేమిటి? వాడి పక్కన నిలబడి, వాడు చెప్పినట్టు రాసిపెట్టినవాడి సంగతేమిటి? రోజూ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. వత్తి అంటుకోగానే పోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది.

పోయిన వారం మీరు నన్ను వదిలింది రాళ్లకుంట కమ్యూనిటీ హాలులో. ప్రశ్న అడగడానికి లేచాను, నా ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి పడింది, హాలంతా ఇటు తిరిగింది. అక్కడి నుంచే చెబుతాను. కిందటి వారాలు చదవనివారి కోసం ముందు నాలుగు ముక్కలు.

రాళ్లకుంట అంటే పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీ గోడను ఆనుకుని ఉన్న నలభై ఇళ్ల వాడ. అక్కడి బోరు నీళ్లతో వండితే అన్నం ఎర్రబడుతుంది, స్నానం చేస్తే ఒళ్లు మండుతుంది. ఎనిమిదేళ్ల కింద పెద్ద గొడవ జరిగాక, తప్పేమీ ఒప్పుకోకుండానే, కంపెనీ రోజుకొక మంజీర నది మంచినీళ్ల ట్యాంకరు పంపడం మొదలుపెట్టింది. ఇప్పుడు వచ్చే ఒకటో తారీఖు నుంచి దాన్ని ఆపేస్తామంటోంది. బోరు నీళ్లు బాగానే ఉన్నాయని రిపోర్టు ఉందట. ఆ రిపోర్టు రాసిన డాక్టర్ రాంచందర్ గారే స్వయంగా వచ్చి ప్రజలకు అర్థమయ్యేలా చెబుతారని సభ పెట్టారు. మండలాఫీసు నుంచి హైమావతి మేడమ్ వచ్చింది. అందరి మాటా విని ఆమె రాసే కాగితంతోనే ట్యాంకరు ఉంటుందో పోతుందో తేలుతుంది.

ఇక నేను. పేరు సోమయ్య. పది దాకా చదివాను. ఇంద్రేశంలో నా భార్య వనజతో కలిసి పూజా సామాను కొట్టు నడుపుతున్నాను. అంతకుముందు నాలుగేళ్లు ఈ రాంచందర్ గారి లాబులో సీసాలు కడిగాను, ఆయన వెంట ఊళ్లు తిరిగి నీళ్లు పట్టుకొచ్చాను.

సార్ అప్పటికే ముప్పావు గంట మాట్లాడాడు. “నేను గూడ గీ మట్టిల పుట్టినోన్నే” అన్నాడు. పటాన్‌చెరు సంతలో తన తల్లి కూరగాయలమ్మిన సంగతి చెప్పాడు. గోడ మీది తెర మీద ఒక ఆకుపచ్చ మొహాన్ని వేశాడు. అది నవ్వుతోంది. దాని కింద ‘మీ నీరు సురక్షితం’ అని రాసి ఉంది. ముప్పై ఏళ్ల చదువు, గోడ నిండా పట్టాలు, రెండు దేశాలు తిరిగిన అనుభవం కరిగి కరిగి చివరికి ఒక నవ్వే మొహం అయింది. వేదిక మీద బల్లకు తెల్లగుడ్డ కప్పారు. ఫొటోల్లో పడకూడదని కాబోలు, కొని తెచ్చిన నీళ్ల సీసాలు బల్ల మీద కాక కింద పెట్టారు. కాగితాలు కిందపడ్డట్టు సార్ మూడుసార్లు వంగాడు. మూడుసార్లూ మూతి తుడుచుకుంటూ లేచాడు.

కుర్చీ ఎత్తి నిలబెట్టి అడిగాను.

“సార్, ప్రమాదకరమైన రసాయనాలు ఉన్నట్టు ఆధారాలు దొరకలేదని రాసిన్రు. వెతికితే దొరకలేదా? వెతకలేదా?”

ఆయన కళ్లజోడు సర్దుకుని నన్ను చూశాడు. గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“అరె, సోమయ్యా! గీన మన పాత మనిషే మేడమ్. మా లాబుల సీసాలు గడిగెటోడు. చూసిన్రా, సీసాలు గడిగినోడు గూడ సైన్స్ ప్రశ్న అడుగుతున్నడు. గిదే నేను కోరుకునే చైతన్యం.”

ముందు వరస నవ్వింది. ముందు వరస కుర్చీలకు కంపెనీ పేరున్న చీటీలు అంటించి ఉన్నాయి. ఆ వరస చివర నీలం యూనిఫారంలో, ఈ వాడలోనే ఉండే ముత్యమ్మ కొడుకు శ్రీశైలం కూర్చున్నాడు. కంపెనీ ప్యాకింగు సెక్షన్‌లో పని. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. వాడు మాత్రం నవ్వలేదు, తల వంచుకున్నాడు.

“టీ తాగినంక మాట్లాడుకుందం” అన్నాడు సార్. నా ప్రశ్నకు జవాబు అదే.

హాలు వెనక చేతులు కడుక్కునే నల్లాల దగ్గరికి నన్ను తీసుకుపోయాడు. నల్లా తిప్పితే నీళ్లు రావు, అవి అలంకారానికే. ఆయన తన టీ కప్పు నాకిచ్చాడు. తాను తాగలేదు. టీ ఏ నీళ్లతో కాచారో ఆయనకు తెలియదు కదా.

“వనజ బాగున్నదా? కొట్టు నడుస్తున్నదా?”

“దేవుని దయ సార్.”

“మరి ఎందుకు నీకీ పంచాయితీ?”

సంచిలోంచి ముందురోజు వాడలో పంచిపెట్టిన రిపోర్టు కాగితాలు తీశాను. ఆరో పేజీ విప్పాను. తొమ్మిది ఇళ్లు, తొమ్మిది అంకెలు. నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క అది. రెండు వేలు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. ఎనిమిది ఇళ్ల అంకెలు రెండు వేల వంద, రెండు వేల రెండు వందలు, ఒకటి రెండు వేల నాలుగు వందలు. నాలుగో ఇల్లు ముత్యమ్మది. ఆ ఒక్కటే రెండు వందల నలభై.

“నాలుగోది తీసేస్తే సగటు రెండు వేల రెండు వందలు వస్తున్నది సార్. కలిపితే పంతొమ్మిది వందల ఎనభై రెండు. రాత్రి వనజ, నేను కూసోని రెండుసార్లు చేసినం.”

“లెక్క తప్పా?”

“లెక్క తప్పు కాదు సార్.”

“మరి?”

“ఆ ఇండ్లల్లోల్లు సగటు నీళ్లు తాగరు సార్. ఎవల బోరుల నీళ్లు వాళ్లే తాగుతరు.”

ఆయన నవ్వాడు. క్లాసులో వెనక బెంచీ పిల్లవాడు తెలివైన మాట అంటే పంతులు నవ్వే నవ్వు అది.

“ఇంకొకటి సార్. ఇది పన్నెండేండ్ల కిందటి నీళ్లు. నేను పట్టిన నీళ్లే. కాగితం మీద ఈ యేడు తారీఖు ఉన్నది.”

“పాత డేటాను తాజా రిపోర్టుల వాడుకోవచ్చు. కింద చిన్నగ రాసినం చూడు.”

చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. ఆ అంకె ఏటా కొత్త తారీఖు తొడుక్కుని వస్తోంది. నీళ్లు మాత్రం మళ్లీ ఎవరూ పట్టలేదు.

“నాలుగో సీసా సంగతి మీకు యాదికున్నదా సార్?”

ఆయన గేటు వైపు చూశాడు. కాబట్టి మీకు నేనే చెప్పాలి.

అది ఎండాకాలం. సార్, నేను, ఐసు పెట్టె. నీళ్లు పట్టే పద్ధతి సారే నేర్పాడు: సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలవాలి, నాలుగోసారి నింపాలి, గడప దిగకముందే చీటీ రాయాలి. మూడు ఇళ్లలో పట్టాం. మూడింటా నీళ్లు పలచని టీ రంగులో ఉన్నాయి. నాలుగో ఇంట్లో ముత్యమ్మ మమ్మల్ని నీడలో కూర్చోబెట్టింది. ఎండలో వచ్చినవాళ్లు బోరు దగ్గర వంగడమేమిటని సీసా నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది. నింపి, కొంగుతో తుడిచి తెచ్చిచ్చింది. నీళ్లు గాజులా ఉన్నాయి.

మా దగ్గర ఒక చుక్కల మందు ఉండేది. నీళ్లలో క్లోరిన్ ఉంటే రెండు చుక్కలకే పసుపుపచ్చగా మారుతుంది. క్లోరిన్ సర్కారు నల్లా నీళ్లలో కలుపుతారు. భూమిలోంచి వచ్చే బోరు నీళ్లలో అది పుట్టదు. వేరే గాజు గొట్టంలోకి కాసిని నీళ్లు వంచి రెండు చుక్కలు వేశాను. పసుపుపచ్చగా అయింది. ఇంత పచ్చగా, చేమంతి రేకులా.

సార్‌కు చూపించాను. ఆయన బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గొట్టం వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు, మూత పెట్టి ఉన్న మంజీర నల్లా నీళ్ల బిందె వైపు చూశాడు. ఆ బిందె గుమ్మంలోంచి కనబడుతూనే ఉంది. తర్వాత గడియారం చూసుకున్నాడు.

“ఆ గడిల ‘పరీక్ష చేయలేదు’ అని రాయి. టైం అయితున్నది” అన్నాడు.

రాశాను. గొట్టంలో నీళ్లు మట్టి మీద పారబోశాను. ఆయనకు అర్థమైందో లేదోనని ఇన్నేళ్లూ అనుమానపడ్డాను. ఇంత చదువుకున్న మనిషి తెలిసి చేయడని నా భక్తి. మూర్ఖమైన భక్తి కూడా భక్తే కదా, అది వదలడానికి పన్నెండేళ్లు పట్టింది.

నల్లాల దగ్గర ఇప్పుడు ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆమె బిందెల నీళ్లు పోసిందని నాకు తెల్వదనుకున్నవా? తెల్సు. అయితే ఏంది? నేను ఆమెను పోయమన్ననా? సీసా మీద ఆమె ఇంటి పేరున్నది, ఆమె చేతులతోని ఇచ్చింది. నేనేమన్న అబద్ధం రాసిన్నా?”

అయిపోయింది. ఒక్క ముక్కలో తేలిపోయింది. నాకు కోపం రాలేదు. కొట్టులో పెద్ద వెల ఇచ్చి తెచ్చిన గంధపు చెక్కను నీళ్లతో అరగదీస్తే లోపల మామూలు కర్ర బయటపడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

“మల్ల జనాలకు ఏం చెప్పాలె సోమయ్యా? ‘నాకు పూర్తిగ తెల్వదు, ఉప్పులు తప్ప ఇంకేం చూడలేదు, చూడాలంటే పెద్ద మిషన్ కావాలె’ అని చెప్పాల్నా? బుగులు పడి చస్తరు. సైన్స్ చేసుడు వేరే, సైన్స్ చెప్పుడు వేరే. చెప్పేటప్పుడు జెర సాఫ్ చేసి చెప్పాలె. నువ్వు పిల్లలకు గణపతి ఎలుక మీద తిరుగుతడని చెప్తవ్ గదా? అది అబద్ధమా?”

“గణపతి పేరు చెప్పి ఎవల ట్యాంకరు ఆపలేదు సార్.”

ఆయన మొహంలో నవ్వు అప్పటికి పోయింది.

“మంచిది. పో, మైకుల చెప్పు. ఆ రోజు షీటు నా ఫైల్ల భద్రంగ ఉన్నది. ‘పరీక్ష చేయలేదు’ అని రాసింది ఎవలు? కింద సంతకం ఎవలది? నేను చెయ్యి గూడ పెట్టలే. నువ్వు చెప్తే మునిగేది నువ్వే.” నా సంచిలోంచి తొంగిచూస్తున్న కుంకుమ పొట్లం మీద వేలు పెట్టాడు. “దీని మీద ‘స్వచ్ఛమైన’ అని రాసున్నది. లోపల ఎంత స్వచ్ఛమో ఎప్పుడన్న పరీక్ష చేయించినవా? అమ్ముతలేవా? నువ్వు గూడ నా లెక్కనే.”

అది తగిలింది. ఎందుకంటే అది నిజం. హోల్‌సేలు వాడు ఇచ్చిన పొట్లాన్ని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు. ఒక్క నిమిషం ఈ పెద్దమనిషికీ నాకూ తేడా కనబడలేదు. నన్ను నేను అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకున్న నిమిషం అది. తర్వాత అనుకున్నాను: ఇద్దరం ఒకటే అయితే, ఇద్దరిలో ఒకడు ఆపాలి. ఆయన ఆపడు.

“పొట్లాల సంగతి రేపు చూస్త సార్. ఇయ్యాల సీసాది” అన్నాను. టీ కప్పును తాగకుండా గట్టు మీద పెట్టి లోపలికి వచ్చాను.

సభ మళ్లీ మొదలైంది. మైకు అడిగితే కంపెనీ మనిషి ఒకడు “ఒక్కరికి ఒకటే ప్రశ్న” అని అడ్డు వచ్చాడు. హైమావతి మేడమ్ తల ఎత్తకుండానే “ఇవ్వండి” అంది.

మైకులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. శివుడి పేరు తలుచుకుని ముందు నా తప్పు చెప్పాను.

“మేడమ్, ఈ పేజీల నాలుగో అంకె బోరు నీళ్లది కాదు. మంజీర నీళ్లది. ఆ నీళ్లు పట్టుకపోయింది నేనే. పరీక్ష చేసింది నేనే, పచ్చగయింది చూసింది నేనే. ‘పరీక్ష చేయలేదు’ అని రాసింది గూడ నేనే. కింద సంతకం నాది. సార్ దగ్గర ఆ కాగితం ఉన్నదట. తెప్పియ్యున్రి. చేతిరాత చూసి నాకు ఏ శిక్ష ఏస్తరో ఏయున్రి.”

సార్ లేచాడు.

“మేడమ్, నేను పన్లకెల్లి తీసేసిన మనిషి ఈన. కడుపుమంట. సైంటిఫిక్‌గ చెప్పాలంటే పన్నెండేండ్ల తర్వాత నోటి మాటకు విలువ ఉండది.”

తీసేయలేదు, నేనే మానేశాను. కానీ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే ఆడవాళ్ల వరసలో ముత్యమ్మ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులతో లేవడానికి రెండు కుర్చీలు పట్టుకుంది.

“ఓ తమ్మీ, ఆగు. నేనిచ్చిన నీళ్ల సంగతేనా నువ్వనేది?”

“అవ్ అక్కా.”

“గా నీళ్లు చూయించేనా మా ట్యాంకరు ఆపుతున్నది?”

“అవ్ అక్కా.”

శ్రీశైలం ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, “అమ్మా, జెర ఊకో” అన్నాడు. పక్కన సూపర్‌వైజరు వాడినే చూస్తున్నాడు.

“నువ్వు ఊకోరా. నీ నౌకరి నీ నోట్లె ఉన్నది, నా నోట్లె ఏం లేదు.” ఆమె సార్ వైపు తిరిగింది. “సారూ, నీకు నేనెందుకు బిందెల నీళ్లిచ్చిన్నో తెల్సా?”

సార్ మేడమ్‌ను చూశాడు. మేడమ్ ముత్యమ్మను చూస్తోంది.

“నీళ్లు పట్నం పోతయన్నడు ఈ తమ్ముడు. పెద్ద పెద్దోల్లు అద్దాలు పెట్టి చూస్తరన్నడు. సీసా మీద నా పేరు రాస్తరన్నడు. మా బోరు నీళ్లు ఎర్రగ, వాసనొస్తయి. నా పేరు రాసి గా నీళ్లు పంపుతరా? ముత్యమ్మ ఇల్లు గింత గలీజా అని పట్నపోల్లు అనరా? నాకు ఇజ్జత్ పోతదనిపించింది. పొద్దుగాల నాలుగు గంటలకు లేసి రోడ్డు మీది నల్లా కాడికెల్లి తెచ్చుకున్న నీళ్లు. మా పిల్లలకు తాగనీకి పెట్టుకున్నయి. తీసి నింపిన. పిల్లను చూసుకొనీకి వస్తున్నరంటే మంచి చీర కట్టమా? గట్ల.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆ వైపు ఒక చూపు చూసింది, నవ్వు ఆగిపోయింది.

“నేను సదువుకోలే. పరీక్ష అంటే మంచిదాన్ని చూయించుడు అనుకున్న. నువ్వు సదువుకున్నవ్. నీకు తెల్సు. ‘అమ్మా, గివి గావు, గలీజు నీళ్లే కావాలె’ అని ఒక్క మాట అంటే నీ నోరు అరుగునా?”

“అమ్మా, మీరు ఎమోషనల్ అవుతున్నరు…” అన్నాడు సార్.

“నేనేం అయితలే. నువ్వు గింతసేపు ఆడ నిలబడి మా అవ్వ కూరగాయలమ్మింది, మా అవ్వ కూరగాయలమ్మింది అన్నవ్. గామె పుచ్చు వంకాయలు అడుగున పెట్టి అమ్మిందా? పాపం గామెను ఎందుకు తెచ్చినవ్ మధ్యల?”

ఈసారి హాలు నవ్వింది. ముందు వరసలో కూడా ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సార్ ఒక మనిషి ఇంటి మర్యాదను సీసాలో పట్టుకుపోయి, పన్నెండేళ్లు దాన్ని ఆమె మీదికే సాక్ష్యంగా వాడుకున్నాడు. ఇంతకంటే నీచమైన పని నేను వినలేదు. ఆ సీసా మోసింది నేను.

ముత్యమ్మ చెప్పులు వేసుకుని తలుపు వైపు నడిచింది. ఎక్కడికని మేడమ్ అడిగింది.

“బాకీ తీర్చొస్త బిడ్డా. ఇల్లు గీడనే. పది నిమిషాలు.”

నేను గబగబా అన్నాను: “అక్కా, గిన్నెను అదే నీళ్లతోని మూడుసార్లు తొలిచి…”

ఆమె గుమ్మంలో ఆగింది. “ఇప్పుడు నేర్పుతున్నవా తమ్మీ? గప్పుడు నోట్లె ఏం పెట్టుకున్నవ్?”

మైకు కంపెనీ మనిషికి తిరిగి ఇచ్చేశాను.

ఆ పది నిమిషాల్లో సార్ చాలా మాట్లాడాడు. నమూనా సేకరణకు అంతర్జాతీయ ప్రమాణాలున్నాయన్నాడు. ఇంటి గిన్నెల్లో తెచ్చిన నీళ్లకు శాస్త్రీయ విలువ ఉండదన్నాడు. ఈ మాట నిజమే. నిజం ఆయనకు అవసరమైనప్పుడు ఎంత చక్కగా గుర్తొస్తుందో చూసి ఆశ్చర్యపోయాను. మధ్యలో శ్రీశైలం లేచాడు. సూపర్‌వైజరు వాడి మోచెయ్యి పట్టుకుని, ఎక్కడికన్నట్టు “కహా?” అన్నాడు. “మా అమ్మ మోయలేదు సార్” అని చెయ్యి విడిపించుకుని బయటికి పోయాడు. నౌకరీ పోతుందో ఉంటుందో, ఆ చెయ్యి విడిపించుకోవడం మాత్రం నలభై ఇళ్లవాళ్లూ చూశారు.

తల్లీకొడుకులు కలిసే వచ్చారు. శ్రీశైలం చేతిలో బకెట్టు, ముత్యమ్మ చేతిలో మూత పెట్టిన స్టీలు చెంబు. మేడమ్ నమూనాల కోసం వెంట తెచ్చుకున్న ఖాళీ సీసా ఒకటి అడిగి తీసుకున్నాను. బకెట్టు నీళ్లతో అందరి ముందూ మూడుసార్లు తొలిచాను, నాలుగోసారి నింపాను. పద్ధతి మర్చిపోలేదు. నీళ్లు అదే రంగు. పలచని టీ. పన్నెండేళ్లలో కాస్త చిక్కబడింది. ముందు వరసవాళ్లు ముక్కు దగ్గరికి చేతులు తీసుకుపోయారు. వేదిక దగ్గర కూర్చున్న హైమావతి మేడమ్ మాత్రం ముక్కు మూసుకోలేదు.

ముత్యమ్మ మెల్లగా వేదిక మెట్లెక్కింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, సార్ ఎదురుగా, చెంబు పెట్టి మూత తీసింది. గుడ్డ మీద ఎర్రటి చుక్కలు రెండు పడ్డాయి.

“సారూ, పన్నెండేండ్ల కింద నువ్వు మా బోరు నీళ్లు అడిగినవ్. నేను ఇయ్యలే, వేరేవి ఇచ్చిన. తప్పు నాదే, బాకీ పడ్డ. ఇగో.”

సార్ చెంబును చూశాడు. బల్ల కింద ఆయన కాలు తగిలి సీసా ఒకటి పడింది. మూత ఊడిన మంచినీళ్ల సీసా మెట్ల మీదుగా దొర్లి అందరి ముందుకు వచ్చి ఆగింది. దాన్ని ఎవరూ తీయలేదు.

హైమావతి మేడమ్ నా చేతిలోంచి సీసా తీసుకుని చీటీ అంటించింది. ఇంటి నంబరు, తారీఖు, సమయం రాసింది. ‘ఇచ్చినవారు’ అన్నచోట ముత్యమ్మ వేలిముద్ర వేయించింది. ‘సాక్షి’ అన్నచోట నేను సంతకం చేశాను. ఈసారి చదివి చేశాను. ‘పుచ్చుకున్నవారు’ అన్న గడి ఖాళీగా ఉంది.

“డాక్టర్ గారూ,” అంది మేడమ్, చీటీని, పెన్నును ఆయన వైపు జరుపుతూ, “ఇంతకుముందు పట్టిన మనిషి మీరే. నీళ్లు ముట్టాయని సంతకం పెట్టండి. ఇవి ఆ నీళ్లు కావని మీరంటే, అదైనా రాయండి. ఏదో ఒకటి మీ చేత్తో రాయండి.”

పన్నెండేళ్లుగా ఆయన ఏదీ తన చేత్తో రాయలేదు. పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. మూత మళ్లీ పెట్టాడు.

ముత్యమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. చెంబు మూతను చంకలో పెట్టుకుని ఆయన వైపు చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. సంతలో బేరం తేల్చుకున్న మనిషి మొహంలా తేటగా ఉంది.

“నా బాకీ తీరింది సారూ” అంది. “ఇగ నీదే ఉన్నది.”